ఎదురుగా నిలబడి నేర్పిన కర్రసాము

మొన్న మా మనవరాలి బడిలో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పుతున్నారని, పెద్దవాళ్ళు కూడా వచ్చి చూడవచ్చని కాగితం పంపారు. మూడు రోజుల శిక్షణ. నేను చివరి రోజు ఆటో ఎక్కి వెళ్ళి, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. తెల్లబట్టలు వేసుకుని, నడుముకు నల్లపట్టీ కట్టుకున్న కుర్రవాడొకడు పిల్లల వైపు తిరిగి నిలబడి, కుడి చేత్తో ముందుకు గుద్దాడు. పిల్లలందరూ ఎడమ చేతులతో గుద్దారు. "ఆ చెయ్యి కాదు, ఇంకో చెయ్యి" అన్నాడు. సగం మంది మార్చారు, సగం మంది మార్చలేదు. ఒకమ్మాయి ఎందుకైనా మంచిదని రెండు చేతులతోనూ గుద్దింది. పక్క కుర్చీలవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను నేను.

కుర్రవాడిది తప్పేమీ లేదు. చెమట కార్చి నేర్పాడు. నాకు కోపం వచ్చింది ఆ తర్వాత. ముగింపులో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, ఆడపిల్లలు ఒంటరిగా తిరగకూడదనీ, పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలనీ, తలవంచుకుని పోతే ఎవరూ జోలికి రారనీ పావుగంట సేపు చెప్పాడు. మూడు రోజులు గుద్దులు నేర్పించి, చివరికి తలవంచుకోమనడం ఏం శాస్త్రమో నాకు తెలియదు. లేచి అడగబోయాను. మనవరాలు వచ్చి మోచెయ్యి పట్టుకుని "కూచో తాతా, అందరూ చూస్తాండారు" అంది. కూర్చున్నాను. తర్వాత పిల్లలందరికీ శిక్షణ పూర్తయిందని తలా ఒక కాగితం ఇచ్చారు.

మా కాలంలో అలాంటి కాగితం లేదు. కర్రసాము నేర్పే ఉస్తాదు నోటిమాట ఉండేది. "ఇంక నువ్వు ఇంకొకరికి చెప్పచ్చు" అని ఆయన తాలింఖానా మట్టి మీద నిలబడి అంటే, ఆ అనుమతిని ఇజాజతు అనేవాళ్ళం. అది రావడానికి కొందరికి పన్నెండేళ్ళు పట్టేది. కొందరికి రాకుండానే మీసాలు నెరిసేవి. అది లేకుండా ఎవరికైనా ఒక్క అడుగు నేర్పినా, నేర్పినవాడు మళ్ళీ ఆ మట్టిలో కాలు పెట్టకూడదు. పదేళ్ళ వయసులో నేను ఆ తప్పు చేశాను. ఎడమ చేతులతో గుద్దుతున్న పిల్లలను చూసి నాకు నవ్వు వచ్చింది అందుకే.

అప్పటి ఆదోని గాలిలో సగం పత్తి ఉండేది. దసరా దాటిందంటే జిన్నింగు మిల్లులు మొదలయ్యేవి. ఎద్దుల బండ్లు పత్తి మూటలతో రైలు గేటు దగ్గర నుంచి బారులు తీరి నిలబడేవి. దూది నూగు వచ్చి అందరి కనుబొమ్మల మీద వాలేది, పెరుగు గిన్నెలో పడేది, తాలింపులో పడి చిటుక్కుమని కాలేది. పత్తిగింజల నూనె వాసన బట్టలకు పట్టుకుంటే వానాకాలం దాకా వదిలేది కాదు. మా నాయన ఒక మిల్లులో కాటా పట్టేవాడు. అంటే వచ్చిన పత్తిని తూచడం ఆయన పని. మాట తక్కువ మనిషి. అమ్మ నేను పాలు తాగే వయసులోనే పోయింది. అక్కనూ నన్నూ పెంచింది నాయనను కన్న అవ్వ. ఇల్లు, వాకిలి, మేము, నాయన, అన్నీ అవ్వ చెప్పినట్లు నడిచేవి. ఆమె చేసే జొన్నరొట్టె తామరాకంత వెడల్పు, కారంగా దంచిన చెనిక్కాయల ఊరిబిండి పెట్టుకుని తింటే కంట్లో నీళ్ళు తిరుగుతున్నా చెయ్యి ఆగేది కాదు.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా వీధిలో రైలు గేటు దాటి హైస్కూలుకు వెళ్ళే ఆడపిల్ల ఆమె ఒక్కతే. పంతులమ్మ కావాలని పిచ్చి. మిద్దె మీద వడియాలు ఎండబెట్టిన రోజు వాటికి వరసగా పేర్లు పెట్టి హాజరు పిలిచేది. పలకని వడియాన్ని తీసి నోట్లో వేసుకునేది. ఒక రోజు తరగతి మొత్తం పలకలేదు. అవ్వ చేతిలో మా ఇద్దరికీ పడ్డాయి.

ఆ ఏడు పత్తి సీజనులో ఒకడు అక్క వెంట పడ్డాడు. ఏదో మిల్లులో పని చూసేవాడు. తలకు నూనె కారేటట్లు రాసుకుని సైకిలు మీద తిరిగేవాడు. రైలు గేటు వేసి ఉన్నప్పుడు అక్క నిలబడక తప్పదు కదా, అప్పుడు వచ్చి పక్కన సైకిలు ఆపి, గంట కొడుతూ, ఏదో ఒకటి అనేవాడు. మొదట మాటలు. తర్వాత జడ తగిలేటట్లు చెయ్యి ఆడించడం. అక్క ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పటికే నాకూ తెలుసు. వీధిలో కుక్క కరుస్తోందంటే మా పెద్దలు కుక్కను కట్టేసేవాళ్ళు కాదు, పిల్లను కట్టేసేవాళ్ళు. అవ్వ చెవిన పడిన రోజే అక్క బడి ఆగిపోతుంది.

నేను అప్పటికి ఏడాదిగా తాలింఖానాకు పోతున్నాను. కొండ కింద ఒకే గది. నేలంతా మోకాలి లోతు ఎర్రమట్టి. ఆ మట్టిలో పసుపు, మజ్జిగ, వేపాకు పొడి, ఆముదం కలిపి వారానికొకసారి తిరగేసేవాళ్ళం. లోపలికి అడుగు పెడితే వచ్చే వాసన పచ్చిదనమూ చేదూ కలిసిన వాసన. ఇప్పుడు ఎక్కడా దొరకదు. కొత్తగా చేరినవాడు మొదటి ఆరు నెలలూ కర్ర ముట్టకూడదు, మట్టి తిరగెయ్యడమే. ఉస్తాదు ఎమ్మిగనూరు నుంచి వచ్చి స్థిరపడిన మగ్గం మనిషి. పగలంతా గుంట మగ్గంలో కూర్చుని నేసేవాడు, సాయంత్రం వచ్చి కర్ర పట్టించేవాడు. పీర్ల పండుగకు ఆయన శిష్యులు పీర్ల ముందు కర్ర తిప్పుతూ నడిస్తే ఊరు ఊరంతా మిద్దెలెక్కి చూసేది. ఆ ఏడు నేనూ నడవాలి. అవ్వ నాకోసం తలగుడ్డకు పసుపు రంగు కూడా వేసి పెట్టింది.

ఒక మధ్యాహ్నం మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తూ అక్క, ఉస్తాదు చెప్పేది తనకు చెప్పమంది.

"ఆడపిల్లలకు చెప్పరు" అన్నాను.

"ఉస్తాదు చెప్పడు. నువ్వు చెప్పు."

"నాకు ఇజాజతు లేదు."

"అట్లయితే రేపట్నుంచి నీ రొట్టెలోకి ఊరిబిండి కూడా లేదు."

అలా నేను గురువునయ్యాను.

దండెం కర్రలు రెండు తీసుకుని, అక్కకు ఎదురుగా నిలబడి, ఉస్తాదు నాకు చెప్పింది చెప్పినట్లు చూపించేవాణ్ణి. నా కుడి చెయ్యి లేస్తే ఆమె ఎడమ చెయ్యి లేచేది. నా కుడి కాలు ముందుకు వస్తే ఆమె ఎడమ కాలు ముందుకు వచ్చేది. నేను చూసుకోలేదు. చూసుకునేంత తెలివి ఉంటే గురువునెందుకు అవుతాను? కింద నుంచి అవ్వ, మిద్దె మన్ను రాలతాంది, పైన ఏం జేస్తాండారని అడిగేది. మిరపకాయల మీదికి కాకులు వస్తాండాయి అవ్వా అనేవాళ్ళం. మిరపకాయలు తినే కాకుల గురించి అవ్వ పాపం నెలకు పైగా నమ్మింది. లేదా నమ్మినట్లు ఊరుకుందేమో, ఇప్పుడనిపిస్తుంది.

నెల దాటాక నాకు తెలిసింది, అక్క అంతా ఎడమచేత్తో నేర్చుకుందని. దిద్దుదామని నేను ఎడమచేత్తో తిప్పి చూపించడం మొదలుపెట్టాను, చూసి ఆమె కుడిచేత్తో చేస్తుంది కదా అని. ఆమెకు అది రాలేదు. నాకు వచ్చింది రాకుండా పోయింది. నాలుగు రోజులకు ఆ ప్రయత్నం మానేశాం. కానీ నా కాళ్ళు అప్పటికే చెడిపోయాయి.

ఉస్తాదు చేతులు చూసేవాడు కాదు, కాళ్ళే చూసేవాడు. మగ్గం మనిషి కదా, తొక్కుడు చెక్కల మీద కాలు తడబడితే కళ్ళు మూసుకుని కూడా పట్టేస్తాడు. ఆ సాయంత్రం నేను కర్ర ఎత్తి ఒక్క అడుగు వేశానో లేదో ఆపమన్నాడు.

"నీ కుడికాలు యాడికి పోయిందిరా?"

నేను కిందికి చూసుకున్నాను. ఎడమకాలు ముందుంది.

"నెల కిందట నీ కాలు నాకు తెలుసు. ఈ కాలు నేను నేర్పింది కాదు. ఎవరికో ఎదురుగా నిలబడి చూపించిన కాలు ఇది. ఎవరికి?"

తక్కినవాళ్ళను మట్టి తిరగెయ్యమని పంపి నన్ను గోడ దగ్గరికి తీసుకుపోయాడు. ఏడుస్తూ అంతా చెప్పాను. అక్క పేరు, సైకిలువాడి సంగతి, రైలు గేటు, చెబితే బడి ఆగిపోతుందన్న భయం, అన్నీ. ఆయన అంతా విన్నాడు. జాలిపడి క్షమిస్తాడనుకున్నాను.

"మట్టికి మొక్కి బయటికి పో. పీర్ల పండగ అయ్యేదాకా ఈ గడప తొక్కద్దు" అన్నాడు.

ఆ పండుగకు అందరి వెనక నీళ్ళబిందె మోశాను. పసుపు తలగుడ్డ చుట్టగా చుట్టి బిందె కింద కుదురుగా పెట్టుకున్నాను. ఉస్తాదు అంత రాతిమనిషి అనుకోలేదని వెళ్ళగొట్టిన రోజు నుంచే లోపల తిట్టుకున్నాను. ఆ తిట్లలో సగం పండుగకు ముందే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఎందుకంటే నన్ను వెళ్ళగొట్టిన మూడో రోజునే ఉస్తాదు భార్య మా ఇంటికి వచ్చింది.

మేము ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళం. అవ్వ దగ్గర కూర్చుని, వక్క కొరుకుతూ, మగ్గానికి కండెలు చుట్టే చెయ్యి లేక ఇబ్బందిగా ఉందని, సెలవు రోజుల్లో పిల్లను పంపితే సాయంగా ఉంటుందని అడిగింది. దారం చుట్టడం ఆడవాళ్ళ పని, పైగా పక్క వీధే. అవ్వ సరేనంది. తోడుగా నన్ను పొమ్మంది. తాలింఖానా గడప తొక్కొద్దన్న మనిషి ఇంటి గడప తొక్కొద్దనలేదు.

వాళ్ళింట్లో ముందరి గది నిండా మగ్గమే. దారానికి పట్టించిన గంజి వాసన, తడి నూలు వాసన. ఉస్తాదు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే, నేర్చుకున్నది చూపించమన్నాడు అక్కను. ఆమె పైట బిగించుకుని కర్ర తీసుకుంది. నాలుగు తిప్పులు తిప్పిందో లేదో ఆయన చెయ్యెత్తాడు.

"ఈయమ్మకు ఎడమచేత్తో ఎందుకు నేర్పినావురా?"

"నేను కుడిచేత్తోనే చెప్పినా ఉస్తాద్."

ఒక్క క్షణం నా వైపు, ఒక్క క్షణం ఆమె వైపు చూసి, సంగతి తెలిసి, మగ్గం పోగులు వణికేటట్లు నవ్వాడు. పెద్దమ్మ ఏమైందోనని వంటింట్లోంచి వచ్చింది. నేను దిద్దుతానన్నాను. వద్దన్నాడు.

"దిద్దద్దు. అట్లనే ఉండనీ. పట్టుకొనేటోడు కుడిచేతికే కాసుకొని ఉంటాడు." తర్వాత అక్కతో అన్నాడు. "సరే తల్లీ, ఈ కర్ర దినామూ బడికి ఎత్తుకొని పోతావా?"

"లేదు."

"మరి వాడు వచ్చేది బడి దారిలో కదా."

ఉస్తాదు గుంటలోంచి పైకి వచ్చి, అక్కను మధ్యలో నిలబెట్టి, ఆమె చుట్టూ కర్ర పొడుగున సుద్దతో గీత గీశాడు. ఈ గీత నీది అన్నాడు. నువ్వు పిలవకుండా దీంట్లోకి వచ్చినవాడు, వాడి మాట ఎంత తియ్యగా ఉన్నా సరే, వచ్చినట్లే. గీత తొక్కాక ఆలోచించడం కాదు, గీత దగ్గరికి వచ్చేటప్పుడే తల ఎత్తి చూడాలి. నేల చూస్తూ పోతే వాడి చెప్పులు తప్ప ఇంకేమీ కనపడవు. చూశావని వాడికి తెలియాలి. పరిగెత్తే దారి ఉంటే పరిగెత్తాలి, అందులో చిన్నతనం లేదు.

ఆమెను మగ్గం గుంటలో కూర్చోబెట్టి తొక్కుడు చెక్కలు తొక్కించాడు. ఒక కాలు తొక్కితే ఇంకో కాలు లేవాలి. రెండూ ఒకేసారి తొక్కితే పోగు తెగుతుంది. "భయమేస్తే మనిషి రెండు కాళ్ళూ ఒకేసారి తొక్కి నిలబడిపోతాడు తల్లీ. అప్పుడు ఏ విద్యా పనికి రాదు. ఒక కాలు కదిపితే చాలు, తక్కిందంతా వస్తాది." నాలుగైదు సెలవులు ఆమె కండెలు చుట్టింది, చెక్కలు తొక్కింది, మణికట్టు విడిపించుకోవడం, మోచేతి మీద ఎక్కడ కొడితే చెయ్యి తిమ్మిరెక్కుతుందో తెలుసుకుంది. బడికి తీసుకుపోయే రూళ్ళకర్ర చాలన్నాడు ఉస్తాదు. గుండ్రటిది, చేవదేరిన కర్రది, అప్పట్లో హైస్కూలు పిల్లలందరి దగ్గరా ఉండేది.

అన్నీ వచ్చాయి అక్కకు. ఒక్కటి రాలేదు.

అరవమన్నాడు ఉస్తాదు. చెయ్యి కంటే ముందు గొంతు లేవాలి, అప్పుడే నలుగురూ తిరిగి చూస్తారు అన్నాడు. అక్క నోరు తెరిచింది. పిల్లిపిల్ల తోక తొక్కితే వచ్చేంత చప్పుడు వచ్చింది. మళ్ళీ అంది. అంతే. సిగ్గుతో మెడ దాకా ఎర్రబడింది. పెద్దమ్మ నవ్వి, ఈ పిల్ల గొంతు పుట్టినకాడ్నుంచి గడప దాటలే, ఇంట్లో అరవమంటే యాడ వస్తాది అంది.

మరుసటి ఆదివారం ఆమె మమ్మల్ని ఎమ్మిగనూరు దారిలో ఉన్న తన తమ్ముడి చేనికి తీసుకుపోయింది. జొన్న పాలు పోసుకునే కాలం. పిచ్చుకలు, చిలకలు గుంపులు గుంపులుగా కంకుల మీద వాలుతున్నాయి. మంచె ఎక్కి పెద్దమ్మ నిలబడింది. ఆ సన్నటి మనిషిలోంచి "హోయ్... హో... హోయ్" అని వచ్చిన కేకకు చేను అవతలి గట్టున మేస్తున్న గొర్రెలు తలలెత్తాయి. అక్క కూడా హోయ్ అంది. పక్క కంకి మీద ఉన్న పిచ్చుక ఆమె వైపు చూసి మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

"నువ్వు పిట్టల్ని తోలుతాండావా, బువ్వకు పిలుస్తాండావా?" అంది పెద్దమ్మ.

మధ్యాహ్నం పచ్చి కంకులు కాల్చి, నలిపి, ఊసబియ్యం చేసి బెల్లంతో పెట్టారు. నాలుక కాలినా నేను రెండు దోసిళ్ళు తిన్నాను. తిన్నాక అక్క ఒక్కతే మంచె ఎక్కింది. తను కాచుకున్న వైపే, తన కళ్ళ ముందే, ఒక పెద్ద గుంపు దిగి కంకులు తుంచడం చూసింది. ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపంలో లేచి నిలబడి అరిచింది. నేను ఊసబియ్యం కింద పడేసుకున్నాను. ఆ గుంపు దుప్పటి విదిలించినట్లు ఒక్కసారి లేచిపోయింది. అక్క మంచె మీద కూలబడి నవ్వుతూ ఏడ్చింది. పెద్దమ్మ కింద నుంచే, ఇంక దిగు తల్లీ, పక్క చేని పిట్టలకు కూడా తిండి లేకుండా చేస్తావు అంది.

పీర్ల పండుగ అయిన పది రోజులకు ఆ మధ్యాహ్నం వచ్చింది. గేటు వేసి ఉంది. గూడ్సు బండి కదలక నిలబడి ఉంది. ఇటు ఇరవై బండ్ల దాకా ఆగి ఉన్నాయి. నేను మా బడి నుంచి వస్తూ, ఒక బండి వెనక నుంచి చూశాను. వాడు సైకిలు అడ్డం పెట్టాడు. అక్క తలెత్తి వాడి కళ్ళలోకే చూసింది. వాడు నవ్వాడు. ఇటు తప్పుకుంటే ఇటు, అటు తప్పుకుంటే అటు సైకిలు తిప్పాడు. చెయ్యి చాచి, పుస్తకాలు పట్టుకున్న ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు.

నిజం చెప్పాలి. ఏడాది పాటు ఆ మట్టిలో దొర్లినవాణ్ణి, అక్కకు గురువునని లోపల మురిసినవాణ్ణి, నేను కదల్లేదు. నా రెండు కాళ్ళూ ఒకేసారి తొక్కుకుని నిలబడిపోయాయి.

అక్క అరిచింది. జొన్నచేనిలో అరిచిన అరుపే. "హోయ్" అని. ముందరి బండి ఎద్దులు బెదిరి కాడి ఎత్తేశాయి. వాడు ఆమె కుడిచేతి వైపే చూస్తున్నాడు. ఎడమచేతిలోని రూళ్ళకర్ర వాడి మోచేతి మీద పడింది. చెయ్యి వదిలేసి, వెనక్కి తగ్గి, తన సైకిలు మీద తనే పడ్డాడు. బండ్లవాళ్ళందరూ దిగారు. తల నెరిసిన బండాయన ఒకడు ముందుకొచ్చి ఏమైంది బిడ్డా అన్నాడు.

ఆ కాలంలో ఆ ప్రశ్నకు ఆడపిల్ల చెప్పవలసిన జవాబు ఒకటే ఉండేది, ఏమీ లేదు అని. అక్క నిలబడి, అందరికీ వినపడేటట్లు అంది.

"ఈయప్ప నా చెయ్యి పట్టుకున్నాడు. మూడు నెలల నుంచి ఎంటబడతాండాడు."

ఎవరూ వాణ్ణి కొట్టలేదు. ఆ పెద్దాయన సైకిలు లేపి వాడి చేతికిచ్చి, మేము దినామూ ఈ గేటు కాడనే ఉంటాం, నువ్వు మాత్రం కనపడద్దు అన్నాడు. వాడు మళ్ళీ కనపడలేదు.

కానీ మేము ఇల్లు చేరేలోగా మాట ఇల్లు చేరింది. అవ్వ వాకిట్లో నిలబడి ఉంది. వాడెవడు, ఏం చేశాడు అని ఒక్క మాట అడగలేదు. "రైలు గేటు కాడ అరిచినావంట. బండ్లోళ్ళందరి ముందర. ఆడపిల్ల గొంతు ఊరు ఇనింది. ఇంక సాలు బడి" అంది. పుస్తకాలు తీసుకుని మూటగట్టి అటక మీద పెట్టించింది నాచేతనే. అక్క ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని అటక వైపే చూస్తోంది. నేను అటక మీంచి దిగేటప్పుడు నా కళ్ళలోకి చూసింది. ఆ చూపు కంటే రెండు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం నాయన వచ్చాడు. కనుబొమ్మల మీద దూదితోనే కూర్చున్నాడు. అవ్వ అంతా చెప్పింది, బడి మాన్పించిన సంగతితో సహా. ఆయన విని అక్కను పిలిచాడు.

"ఎట్ల అరిచినావు?"

"గట్టిగా నాయనా."

"గట్టిగా అంటే నాకెట్ల తెలుస్తాది? అరువు."

ఎవరు చెప్పిన బరువునూ నమ్మే మనిషి కాదు, తన కాటాకు తగిలించి చూసుకోవలసిందే. అవ్వ నిర్ఘాంతపోయింది, ఇంట్లోనా, నీకేమన్నా పిచ్చి పట్టిందా అంది. ఆయన ఆమె వైపు చూడలేదు. "అరువు తల్లీ" అన్నాడు.

అక్క అరిచింది. మిద్దె మన్ను రాలింది. రెప్ప వాల్చేలోగా మా వాకిలి నిండిపోయింది. ఎదురింటామె రెండు చేతులకూ జొన్నపిండితో వచ్చింది. ఒకాయన సగం గడ్డానికి సబ్బు నురగతో వచ్చాడు. పాలు పిండుతున్న ముసలాయన చెంబు పట్టుకునే వచ్చాడు, వెనకే దూడ కూడా. వీధి చివర దుకాణం నుంచి ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. ఎవరు, ఏమైంది, పామా అన్నారు. నాయన గడపలో నిలబడి, ఏమీ లేదప్పా, పిల్ల గొంతు చూసినాం అన్నాడు. గుండె జారిపోయింది కదయ్యా అని తిట్టి వెళ్ళిపోయారు. దూడ మాత్రం కాసేపు నిలబడింది.

నాయన లోపలికి వచ్చాడు. "అమ్మా, ఒక్క అరుపుకు ఇంత మంది వచ్చినారు. నేను మిల్లు ఇడిచిపెట్టి దినామూ ఎంట పోయినా ఇంత కాపలా కాయలేను. పోనీ బడికి." తనే నిచ్చెన వేసి పుస్తకాల మూట దించి అక్క ఒళ్ళో పెట్టాడు. ఆయన జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను చూసింది అప్పుడే.

అక్క చదివింది. పంతులమ్మ అయింది. ఎమ్మిగనూరులో ముప్పై ఏళ్ళకు పైగా చెప్పింది. నేను ఐదో తరగతితో ఆపేసి పనిలో చేరాను, తక్కిన చదువంతా పొట్లాల కాగితాలు విప్పి చదువుకున్నదే. ఉస్తాదు ఇజాజతు నాకు ఎప్పటికీ ఇవ్వలేదు. అక్కకిచ్చాడు, మగ్గం గుంటలో కూర్చునే, పెద్దమ్మా నేనూ వింటుండగా. నాకు కోపం రావలసింది, రాలేదు. ఆ తాలింఖానా ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మిల్లులు చాలా మూతపడ్డాయి. ఎమ్మిగనూరు దారిలో మంచె వేసిన చేను నేను చూసి ఎన్నేళ్ళయిందో. ఉస్తాదు, పెద్దమ్మ, నాయన, అవ్వ, నలుగురూ ఎప్పుడో వెళ్ళిపోయారు.

వాళ్ళలో నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం అవ్వే. పుస్తకాల మూట అటక దిగిన మరునాటి పొద్దున. నాయన పనికి పోయాడు. నేను పొయ్యి దగ్గర రాత్రి రొట్టె నములుతున్నాను. అవ్వ అక్కను ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. పాయ మీద పాయ వేస్తూ, ఎవరో వింటారన్నట్లు గొంతు తగ్గించి అడిగింది.

"ఎట్ల అరుస్తారే అది?"

అక్క తల తిప్పబోతే జడ లాగి ముందుకే తిప్పింది. "సెప్పు."

"కడుపులో నుంచి అవ్వా. గొంతు కాదు. పిట్టలు మన చేనంతా తినేస్తాండాయి అనుకో."

అవ్వ చేతులు ఆగాయి. వాకిలి వైపు చూసింది, ఎవరూ లేరు. నోరు తెరిచింది. మా ఇల్లంతటినీ కనుసన్నతో నడిపిన ఆ మనిషి, నేను పుట్టిన తర్వాత ఒక్కసారైనా వీధిలోకి పేరు పెట్టి మమ్మల్ని పిలవలేదని నాకు అప్పుడు తట్టింది. తలుపు గొళ్ళెం ఆడిస్తే మేము పరుగెత్తుకొచ్చేవాళ్ళం. నోరు తెరిచి, మెడ నరాలు బిగించి, కళ్ళు మూసుకుంది. ఎసటి మీద మూత కదిలినంత చప్పుడు వచ్చింది. అంతే. కళ్ళు తెరిచి మా ఇద్దరినీ చూసింది. మేము నవ్వలేదు.

"ఇంకోసారి అవ్వా" అంది అక్క.

"రేపు" అంది అవ్వ, జడకు రిబ్బను కడుతూ. "ఈ పొద్దుకు ఇంతే వచ్చింది."